పొర చుట్టూ

...అయినా ఆశపడే కన్ను ఏది చూడమంటే అదే చూస్తుంది, దాన్ని నమ్ముకుని సంబరపడితే ఎలా అని ఆమె తనను తానే కోప్పడింది. కోప్పడుతూనే, తను డాక్టరుగా పనిచేసే ఆసుపత్రి ల్యాబులో, మైక్రోస్కోపు కింద గాజుపలకను మళ్లీ మొదటికి జరిపింది. బల్ల కింద కాళ్లు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

పలక మీద ఉన్నది పన్నెండేళ్ల కిందట అక్క మెడలోంచి తీసిన థైరాయిడ్ గడ్డ. కణాల రూపం చూసి అప్పట్లో క్యాన్సర్ అన్నారు. తప్పేం లేదు, అప్పటి లెక్క అది. తరవాత ఇలాంటి గడ్డల్ని ఏళ్ల తరబడి గమనించినవాళ్లు కొత్త మాట తేల్చారు. కణాలు ఎంత దొంగల్లా కనిపించినా, గడ్డ తన చుట్టూ ఉన్న పొరను ఎక్కడా దాటకపోతే దాన్ని క్యాన్సర్ అనక్కర్లేదు. కాకపోతే ఒక మెలిక ఉంది. ఆ పొరను చుట్టూతా, ఇసుమంత కూడా వదలకుండా చూడాలి. నాలుగు ముక్కలు దాచి మిగతాది పారేసి ఉంటే ఇక ఎవరూ ఏమీ చెప్పలేరు.

అప్పట్లో ఈ ల్యాబులో ఉన్న పెద్ద డాక్టరుని అందరూ చాటున ‘చాదస్తం సార్’ అనేవారు. గోళీకాయంత గడ్డ వచ్చినా మొత్తం కోయించి, ప్రతి ముక్కనూ చెడిపోకుండా మైనంలో పెట్టించేవాడు. మైనం చాలడం లేదని స్టోరువాళ్లు మొత్తుకున్నా వినేవాడు కాదు. ఇవాళ పొద్దున పాత పెట్టె తెరిచి చూస్తే, అక్క గడ్డ పొర అణువంతైనా తగ్గకుండా ఉంది. ఆ చాదస్తానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇన్నాళ్లూ ఆ పెట్టె జోలికి పోనిది ఇవాళే ఎందుకు పోయిందంటే, అక్క ఫోను వల్ల.

“మట్టిపాత్రల కోర్సులో సీటిచ్చారే. సాయంత్రంలోగా చేరతానో లేదో చెప్పాలట.”

“చేరు మరి!”

“మూడేళ్లటే. మూడేళ్లంటే మాటలా? అప్పటిదాకా నేనుంటే చూద్దాంలే.”

పన్నెండేళ్లుగా అదే మాట. కొత్త మంచం కొందామన్నా ఉంటే చూద్దాం, వచ్చే ఏడు ఎటైనా వెళ్దామన్నా ఉంటే చూద్దాం.

“నీకేం కాదక్కా.”

“నువ్వు నా చెల్లెలివి, అలాగే అంటావు. నేను మేడ మీంచి దూకినా నాకేం కాదనే అంటావు.”

నిజమే. అందుకే ఆమెకు తన కన్ను మీద నమ్మకం లేదు. పలకల మీద అక్క పేరు కనిపించకుండా కాగితం ముక్కలు అంటించి పక్కగదికి పట్టుకెళ్లింది. ఆ గదిలో కూర్చునే సీనియర్ డాక్టరుకి ‘ససేమిరా’ అని పేరు. ఎవరు ఏ రోగం పేరు చెప్పినా ముందు కాదనడం ఆవిడ అలవాటు.

“ఏంటి తల్లీ, మొహం వెలిగిపోతోంది?”

“ఏం లేదు. ఇవి కాస్త చూసిపెట్టండి.”

“పేర్ల మీద ఆ కాగితాలేంటి? నన్ను బుట్టలో వేద్దామనా?”

“చూశాక చెప్తాగా.”

ససేమిరా ఒక్కో పలకా పెట్టి, పొర వెంబడే నెమ్మదిగా నడుచుకుంటూ పోయినట్టు చూసింది. ఆఖరి పలక దగ్గర చెయ్యి ఆగింది.

“ఇక్కడ పొర తెగింది. కణాలు బయటికి తొంగిచూస్తున్నాయి. నేనొప్పుకోను.”

ఆ చోటు పొద్దున ఆమె కూడా చూసింది. రెండుసార్లు చూసింది. రెండుసార్లూ కన్ను ఏమీ ఎరగనట్టు పక్కకి జారుకుంది.

“ఆపరేషన్‌కి ముందు సూది గుచ్చి పరీక్ష చేశారా?”

“చేశారు.”

“అయితే ఈ బొక్క సూది పెట్టిందా, గడ్డ పెట్టిందా? ఆ మైనం దిమ్మని ఇంకా లోతుకి కోయించు, తేల్చేద్దాం.”

ల్యాబ్ అమ్మాయి దిమ్మను యంత్రానికి బిగించి ఉల్లిపొర కంటే పలచగా కోస్తుంటే ఆమె పక్కనే నిలబడింది.

“మేడం, మీరలా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. కాస్త దూరం జరగండి.”

జరిగింది. మళ్లీ తెలియకుండానే దగ్గరికొచ్చింది. పొరలు గోరువెచ్చని నీళ్లలో తేలి, పలకలెక్కి, రంగు పట్టుకునేదాకా పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లలా గోళ్లు కొరుకుతూనే ఉంది.

కొత్త పలకల్ని ససేమిరా చాలాసేపు చూసింది.

“ఇదిగో, పాత నెత్తురు మరక. ఇది మానిన మచ్చ. లోతుకి పోయేకొద్దీ పొర మళ్లీ కలిసిపోయింది. సూది దారే.” ఆవిడ తలెత్తింది. “సరే, ఒప్పుకుంటున్నా. ఇది క్యాన్సర్ కాదు. రిపోర్టు మీద సంతకం నేనే పెడతా. ఇంతకీ ఎవరిదిది?”

ఆమె గోటితో కాగితం పీకింది. ససేమిరా పేరు చదివి, ఆమె మొహంలోకి చూసింది.

“మీ అక్కదా! ఓసి పిచ్చిమొహమా, పొద్దుట్నించీ ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావా?”

అంతలో బల్ల మీద ఫోను మోగింది. అక్కే. చెప్పాల్సిన మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గొంతుదాకా వచ్చాయి. కానీ అక్క పొద్దుటన్న మాట అడ్డొచ్చింది: నువ్వు నా చెల్లెలివి, అలాగే అంటావు.

ఆమె ఫోను ఎత్తి, ససేమిరా చేతిలో పెట్టింది.