లెక్కలోకి రాని గుప్పెడు

నిరుపమ బ్యాగులో బట్టలు సర్దుతుంటే, పార్వతమ్మ మడతల మధ్య కందిపొడి పొట్లాలు దూరుస్తోంది. నిరుపమ తీసి పక్కన పెడుతుంది, ఆవిడ మళ్ళీ దూరుస్తుంది.

"ఆంటీ, విమానంలో ఇరవై కిలోలే తీసుకెళ్ళనిస్తారు."

"పొడికి బరువేమిటమ్మా."

పరాయి దేశంలో, మౌంట్ రాస్కిల్ పేటలో, పార్వతమ్మ ఇంటి వెనక గదిలో రెండేళ్ళుగా అద్దెకున్న పిల్ల. చదువైపోయింది, దూరాన డ్యునెడిన్ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం ప్రయాణం. పార్వతమ్మ సర్ది సాగనంపిన మనుషులు చాలామందే. ఎవరు వెళ్తున్నా ఆవిడకి గుండె దడే. ఈసారి దడకి ఇంకో కారణం కూడా ఉంది.

భర్త లక్ష్మణరావుకి షుగరు. భోజనానికి ముందు ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఎంత అన్నది, తినబోయే దాంట్లో పిండిపదార్థం ఎంతుందో దాన్ని బట్టి. బ్రెడ్డుకైతే ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. పప్పన్నం మీద ఎవరు రాస్తారు? పార్వతమ్మ బతుకంతా కంటి కొలతతో వండిన మనిషి. అప్పుడు నిరుపమే నెట్‌లో ఒక పేజీ వెతికి పట్టుకుంది. వేసిన దినుసులు, వాటి గ్రాములు, ఎంతమందికో కొడితే ఒక్కొక్కరి వాటా చెబుతుంది. చిన్న తూకం మిషను కూడా కొని తెచ్చింది. దినుసుల ఇంగ్లీషు పేర్లు లావుపాటి అక్షరాలతో రాసి కంప్యూటరు పక్కన అంటించింది. బడి మొహం చూడకుండా, ప్యాకెట్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న పార్వతమ్మ నెల తిరిగేసరికి తనే కొట్టడం మొదలుపెట్టింది.

"బంగారం కొట్లో భోంచేస్తున్నట్టుంది" అని లక్ష్మణరావు ఎగతాళి చేసేవాడు.

అంత తూచినా, రెండు వారాల్లో రెండుసార్లు భోజనమైన కాసేపటికి ఆయనకి చెమటలు పట్టి షుగరు అక్కడి కొలతలో మూడుకి, మన లెక్కలో యాభై నాలుగుకి, దిగిపోయింది. జ్యూసు తాగించి నిలబెట్టారు. లెక్క ఎక్కడో తప్పుతోందంది ఆయన షుగరు చూసే నర్సు. ఎక్కడో పార్వతమ్మకి అంతు చిక్కలేదు. ఈ పిల్ల వెళ్ళిపోతే అడగడానికి మనిషి లేదు.

"ఒక్కసారి చూసి వెళ్ళమ్మా" అంది.

నిరుపమ వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. లక్ష్మణరావు అప్పటికే మధ్యాహ్నం భోజనానికి ఇన్సులిన్ పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"బియ్యం రెండొందల నలభై, ఇద్దరికి. మనిషికి పిండిపదార్థం తొంభై నాలుగు గ్రాములు" అని చదివింది నిరుపమ. "అంకుల్, ఆగండి. మీరు అంత అన్నం తినరు కదా. ఆంటీ, గిన్నెలో మిగలదా?"

"మిగలకుండా ఎలా? ఎవరైనా వస్తారేమోనని ఓ నిండు గుప్పెడు ఎక్కువ పోస్తాను. మా అమ్మా అంతే."

"ఆ గుప్పెడు కూడా తూస్తారా?"

"అన్నీ కలిపి తూచాకే కదా కడిగేది."

"మరి మిగిలింది ఎవరు తింటున్నారు?"

పార్వతమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. రోజూ షాపులో షిఫ్టు ముగించుకుని మూడింటికి వచ్చి తినేది ఆ అన్నమే.

"నేనేగా" అని నవ్వింది నిరుపమ. "నన్నెందుకు లెక్కలో వేయలేదు?"

"వచ్చి తినేవాళ్ళని లెక్కపెట్టకూడదమ్మా."

"బాగుంది. నువ్వు తిన్న అన్నానికి నేను సూది పొడుచుకున్నానన్నమాట" అన్నాడు లక్ష్మణరావు.

నిరుపమ రెండు తీసేసి మూడు కొట్టింది. అరవై రెండు వచ్చింది. నర్సుకి ఫోన్ చేస్తే, తప్పు అక్కడేనంది. ఇకమీద గిన్నె కాదు, ఆయన కంచంలో అన్నమే తూచమంది. లక్ష్మణరావు ఆ లెక్కకే పొడుచుకుని తిన్నాడు.

నిరుపమ ఆయన పక్కనుంచి కదల్లేదు. రెండు గంటలయ్యాక చూస్తే ఏడు పాయింట్ రెండు, ఉండాల్సినంతే ఉంది. అప్పుడు లేచి బ్యాగు జిప్పు లాగింది.

గుమ్మం దగ్గర పార్వతమ్మ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "ఆయన్ని నాకు మిగిల్చి వెళ్తున్నావు తల్లీ."

"ఊరుకోండి ఆంటీ. సెలవులకి వస్తాగా."

లక్ష్మణరావుకి ఆ తర్వాత షుగరు అలా పడిపోలేదు. ఆయన కంచం తూచిన ప్రతి పూటా పార్వతమ్మ ఆ పిల్లని తలుచుకుని, చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకునేది. నిరుపమ 2007 నవంబరు 23, శుక్రవారం నాడు వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.