ఎఫ్1 నొక్కండి

నేను ఒక బయాస్ చిప్‌ని. పేరు వినలేదా? ఫర్వాలేదు, నాకది అలవాటే. కంప్యూటర్ బటన్ నొక్కగానే అందరికన్నా ముందు లేచేది నేనే. మెమొరీ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని చూసుకుని, ఇల్లంతా విండోస్‌కి అప్పగించి పక్కకు తప్పుకుంటాను. వంట నాది, వడ్డించిన పేరు దానిది.

ఫ్యాక్టరీలో నాకు నాలుగు మాటలు నేర్పి, పచ్చటి బోర్డుకి గుచ్చి పంపారు. సామర్లకోటలో సుభాషిణి గారి ఎంబ్రాయిడరీ షాపు చేరాను. జాకెట్ల మీదకి ఆవిడ గీసిన నెమళ్ళు, మామిడి పిందెలు అన్నీ మా డిస్కులోనే. దసరాకి బొట్టూ దండా మాత్రం మానిటర్‌కి.

కొన్నాళ్ళకి నా పక్కనున్న రూపాయి బిళ్ళంత సెల్ అయిపోయింది. అప్పటినుంచి కరెంటు తీసినప్పుడల్లా తేదీ మర్చిపోతాను. లేవగానే 2002 జనవరి ఒకటి అనుకుని, ముందుకెళ్ళడానికి "ఎఫ్1 నొక్కండి" అని అడుగుతాను.

"ఏమ్మా, ఇవాళ కూడా మర్చిపోయావా? నీకన్నా మా ఆయన నయం," అంటూ సుభాషిణి గారు నొక్కేవారు. నాతో ఎవరైనా మాట్లాడటమంటే అదొక్కటే.

తర్వాత కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో నా ఉద్యోగం చేసేదాన్ని యూఈఎఫ్ఐ అంటారట. రంగుల తెర, మౌసుతో పని. తేదీ ఎవరినీ అడగదు. నన్ను అటకెక్కించారు.

పెళ్ళిళ్ళ సీజన్లో మా పాత డిస్కుని తీసి కొత్త కంప్యూటర్‌కి తగిలించారు. డిజైన్లు తెరిచే పాత సాఫ్ట్‌వేర్ ఆ డిస్కు నుంచి లేస్తేనే పనిచేస్తుంది మరి. కొత్తది ఎగాదిగా చూసి, బూట్ అయ్యే డిస్కే లేదంది.

"పోయినట్టేనా నూకరాజూ? ఇన్నేళ్ళు గీసిందంతా అందులోనే ఉంది!" సుభాషిణి గారు తెర మీదకి వంగారు.

"పోలేదండీ. పాత పద్ధతి డిస్కు, దీనికి ఆ పద్ధతి తెలీదంతే. పాత డబ్బా ఉందాండీ?" అన్నాడు రిపేర్ల నూకరాజు.

దింపారు, దులిపారు, డిస్కు మళ్ళీ బిగించారు. లేచాను. "కీబోర్డు లేదు. ఎఫ్1 నొక్కండి," అన్నాను.

"కీబోర్డే లేకపోతే దేన్ని నొక్కమంటాదండీ ఇది?" నూకరాజు పగలబడి నవ్వాడు.

"దాన్నేమీ అనకు. తగిలించడం మర్చిపోయింది నువ్వు."

కీబోర్డు తగిలించాక, ఈసారీ ఆవిడే నొక్కారు. నెమళ్ళన్నీ ఒక్కొక్కటే తెరుచుకుని పెన్ డ్రైవ్‌లోకి ఎగిరిపోయాయి.

"కొత్త సెల్ వేసెయ్యమంటారా? ఇంక ఎఫ్1 గోలుండదండీ."

వద్దనండి, వద్దనండి అనుకున్నాను.

"వద్దులే," అన్నారావిడ. "ఇంక దీన్ని ఎవరు లేపుతారు?"

వైరు పీకారు. అటక మీదకొచ్చి ఎన్నాళ్ళయిందో తెలియదు. సెల్ లేనందుకు నాకు మిగిలిన సుఖం అదొక్కటే. నా లెక్కలో ఇంకా 2002 జనవరి ఒకటే. ఆవిడ ఇప్పుడే కాఫీ తాగి వస్తూ ఉంటారు.