ఎర్ర మూత కొళాయి

సాయం చేసేవాళ్ళు రెండు రకాలని సర్వరీ బేగం అంటూ ఉంటుంది. మొదటి రకం వాళ్ళు ఇచ్చి మరిచిపోతారు. రెండో రకం వాళ్ళు ఇవ్వకముందే గుర్తు చేస్తారు. ఒమాన్‌కు వచ్చిన పదేళ్ళలో మొదటి రకం ఆమెకు ఎప్పుడో ఒకసారి కనబడింది గానీ, రెండో రకం మాత్రం ఏసీ కారేసుకుని నేరుగా ఇంటికే వచ్చింది.

ఆమె భర్త బాబు మియాది కడప. సమాయిల్‌లో దర్జీ షాపు. షాపు వెనకే కాపురం: రెండు గదులు, చిన్న పెరడు, పెరటి గోడకు అవతల ఇంటి యజమాని సాలిం గారి ఖర్జూర తోట. ఆ యేడు, అంటే తొంభై మూడులో, రంజాన్ ఇంకో వారం ఉందనగా స్నానాలగదిలో గీజర్ చచ్చిపోయింది. చూడవచ్చిన మెకానిక్ లోపలి కాయిల్ మాడిపోయిందనీ, ఇంక కరెంటు పెడితే మనిషికే షాక్ కొడుతుందనీ చెప్పి, వైరు కత్తిరించి, కొత్తది కొనుక్కోమని పోయాడు. సాలిం గారిని అడిగితే "బుక్రా, ఇన్షా అల్లా" అన్నాడు. దేవుడి దయ ఉంటే రేపు. మంచివాడే. అడగకుండానే బుట్టెడు ఖర్జూరాలు పంపుతాడు. అడిగింది మాత్రం పంపడు.

రంజాన్ ఎట్లాగో గడిచింది. తెల్లవారుజామున, నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు, కెటిల్లో నీళ్ళు కాచుకున్నారు. మొగుడూ పెళ్ళాలకైతే ఆ కెటిలే చాలు. కానీ మే నెలలో ఇబ్రి ఊరి నుంచి షాపుకు ఫోనొచ్చింది. కూతురు తయ్యబాకు మూడో నెల. డిసెంబరులో కాన్పు.

ఆ కబురు విని సర్వరీ బేగం రెండు రకాతుల నమాజు అదనంగా చదువుకుంది. తయ్యబాను పెంచింది కడపలోని నాయనమ్మ. సర్వరీ ఆ పిల్లకు ఏడాదికి ఒక నెల మాత్రమే తల్లి, సెలవు దొరికిన ఆ ఒక్క నెల. అల్లుడు ఇబ్రిలో కంపెనీ పనిలో కుదిరి పెళ్ళాన్నీ తల్లినీ తెచ్చుకున్నాక గానీ బిడ్డ తను ఉంటున్న దేశంలోకి రాలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. నలభై దినాలు బిడ్డ తన చేతి కింద ఉంటుంది. తన చేత్తో ఒళ్ళు రుద్ది నీళ్ళు పోస్తుంది. ఇంతకన్నా అల్లాను ఆమె ఏమీ అడగలేదు.

అడ్డం వచ్చింది అల్లా కాదు, వియ్యపురాలు రషీదున్నీసా.

"పంపేదానికి నాకేం వదినా," అందావిడ ఫోన్లో. "అయితే చలికాలం కాన్పు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బాలింతకు కాగే నీళ్ళు పడల్ల. మీ ఇంట్లో గీజర్ చెడిపోయిందంట గదా? మాకీడ తిప్పితే పొగలొస్తాయి."

"బాగు చేయిస్తాం వదినా."

"చేయించినాక పంపుతాలే."

సర్వరీ బేగం ఫోన్ పెట్టేసింది. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అదే బాధ.

మత్రా బజారుకు దారాలూ గుండీలూ కొనడానికి పోయినప్పుడు బాబు మియా ఒక మాట మోసుకొచ్చాడు. మస్కట్‌లో మన జిల్లాల వాళ్ళకొక సహాయ సంఘముంది, ఇబ్బందిలో ఉన్నవాళ్ళకు ఇలాంటివి ఇప్పిస్తుంది.

"అడుక్కోవడమా, అజీ?"

"అడుక్కోవడం కాదే. దరఖాస్తు."

"పేరు మారిస్తే చాచిన చెయ్యి ముడుచుకుంటుందా?"

అన్నదే గానీ కాదనలేదు. బిడ్డ కోసం చాచిన చేతికి సిగ్గెందుకని తనకు తానే సర్ది చెప్పుకుంది.

జూన్‌లో, ఎండ నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం, సంఘం అధ్యక్షుడు రామ్మోహన్ గారు విచారణకు వచ్చారు. పెద్ద కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. ఆయన మెడలో కెమెరా, వెంట భార్య అన్నపూర్ణ. షర్బత్ తాగి, ఆయన చచ్చిన గీజర్‌ను మూడు వైపుల నుంచీ ఫోటో తీశారు. తర్వాత దాని పక్కన బాబు మియాను నిలబెట్టారు.

"మొహం కొంచెం దిగులుగా పెట్టండి భాయ్. సంఘం సావనీర్ పుస్తకంలో వేస్తాం."

"మొహం కూడా మేమే పెట్టుకోవల్లనా, సంఘం ఇయ్యదా?" అని సర్వరీ బేగం తలుపు చాటున గొణిగింది. అన్నపూర్ణకు వినబడింది. ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

బయటికి వస్తూ రామ్మోహన్ గారి చూపు పెరట్లో బోర్లించిన పెద్ద రాగి దేగు మీద పడింది. ఏటా గ్యార్వీ పండగ నాడు ఫాతిహా చదివించి, వీధిలో పనివాళ్ళందరికీ అందులోనే బిర్యానీ వండి పెడతారు.

"అబ్బో! డిసెంబర్‌లో మా వార్షికోత్సవం. బిర్యానీకి ఇది పంపిస్తారు కదూ?"

"అట్లే సార్," అన్నాడు బాబు మియా. అడిగేవాడు అడిగినప్పుడు కాదనడం ఆయనకు చేతకాదు.

దేగు తడిమి చూసిన చేతికి మసి అంటింది. కడుక్కుందామని రామ్మోహన్ గారు స్నానాలగదిలోకి పోయి నీలం మూత కొళాయి తిప్పారు. వెంటనే "అమ్మో!" అని చెయ్యి లాక్కున్నారు. నీళ్ళు సలసలా కాగుతున్నాయి. ఎర్ర మూత కొళాయి తిప్పారు. చల్లటి నీళ్ళు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. లెక్కలో తేడా దొరికినప్పుడు అకౌంట్స్ వాళ్ళకు వచ్చే వెలుగు అది.

"బేగం గారూ, మీ గీజర్ లక్షణంగా ఉంది. పైపులే తారుమారయ్యాయి."

"అది గీజర్ వేడి కాదు సార్, సూర్యుడి వేడి," అంది సర్వరీ బేగం. "ట్యాంకు మిద్దె మీదుంది. జూన్‌లో అది పొయ్యి మీదున్నట్టే. గీజర్ తొట్టి లోపల నీడలో ఉంది గాబట్టి అందులో నీళ్ళు చల్లగుంటాయి. ఎండాకాలం ఈడ అందరూ గీజర్ ఆపేసి ఎర్ర కొళాయి నీళ్ళే పోసుకుంటారు. చలికాలం రానీండి, రెండిట్లోనూ చల్లనీళ్ళే."

"చూడండమ్మా. చల్లనీళ్ళ కొళాయిలో వేడినీళ్ళు వస్తున్నాయి, వేడినీళ్ళ కొళాయిలో చల్లనీళ్ళు. దీనికి కొత్త గీజర్ ఎందుకు?"

"ఆవిడ చెప్పేది వినండి," అంది అన్నపూర్ణ. "మన విల్లాలో ట్యాంకు నేల కింద ఉంది. అందుకే మనకు తెలీదు. మన గీజర్ ఎక్కడుందో కూడా మీకు తెలీదు."

"అనూ, సంఘం విషయాల్లోకి నువ్వు రాకు."

కారు వెళ్ళిపోయాక సర్వరీ బేగం ఆ నీలం కొళాయి ముందు నిలబడింది. అడగకుండానే, విచారణ లేకుండానే, ఫోటో తీయకుండానే అల్లా మిద్దె మీద ఇన్ని నీళ్ళు కాచి పంపిస్తున్నాడు. మరి అవి కావలసిన నెలలో ఎందుకు కాచడు? ఆ ప్రశ్నలో తప్పేదైనా ఉంటే క్షమించమని అప్పుడే అడిగేసింది.

సెప్టెంబరులో మౌలాలి అనే ప్లంబర్ వచ్చాడు. కరీంనగర్ మనిషి. సంఘం పంపిందన్నాడు. కొళాయిల ఎర్ర మూత ఊడదీసి నీలం దాని మీద, నీలం మూత ఊడదీసి ఎర్ర దాని మీద బిగించాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంతేనా నాయనా?"

"ఇంతే చెప్పిండ్రమ్మా. పైపులు మార్చాల్నంటే గోడ పగలగొట్టాలె, ఖర్చయితది. గందుకని మూతలు మార్చుమన్నరు."

"మరి చలికాలానికి?"

మౌలాలి కొళాయిల వంకా ఆమె వంకా చూశాడు. "చలికాలమొస్తే ఏ మూత పెట్టినా నీలమే గదమ్మా," అని, ఇచ్చిన చాయ్ తాగి పోయాడు.

నవంబరులో సావనీర్ వచ్చింది, ఇబ్రి దాకా మనవాళ్ళ ఇళ్ళన్నిటికీ. మంచి కాగితం. లోపల బాబు మియా దిగులు మొహం, కింద పెద్ద అక్షరాల్లో: 'సమాయిల్‌లో ఒక నిరుపేద కుటుంబానికి వేడినీటి వసతి.' బాబు మియా అది చదివి, మడిచి, బట్టల కింద పెట్టేశాడు. వేడినీళ్ళ సంగతి పట్టించుకోలేదు. నిరుపేద అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"నిరుపేదోళ్ళ దేగులో సంఘమంతా కూచుని తింటుందా, అజీ?" అంది సర్వరీ బేగం.

ఆయన లేచి షాపులోకి పోయాడు. కానీ దేగు అన్న మాట ఆమె నోటి నుంచి వచ్చి ఆమె చెవిలోనే నిలిచింది. రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది. అత్తగారు బతికున్నప్పుడు ఖచ్చితంగా చెప్పింది: నియాజ్ వండే దేగు ఇంకో పనికి వాడకూడదు. అల్లా పేరున అన్నం వండే పాత్రలో స్నానానికి నీళ్ళు కాచవచ్చా?

చివరికి భర్తనే అడిగింది. బాబు మియా సూదిలో దారం ఎక్కిస్తూ ఆలోచించాడు.

"గ్యార్వీ నాడు ఆకలైనోళ్ళు తింటారు. అల్లా అతిథులని పెడతాం. కొత్తగా పుట్టేవాడు ఎవరి అతిథే?"

ఆమె మరి అడగలేదు.

డిసెంబరు రెండో శుక్రవారం రషీదున్నీసా తయ్యబాను వెంటబెట్టుకుని ఇబ్రి నుంచి వచ్చింది. పంపడానికి కాదు, చూసి పోవడానికి. నచ్చితే దింపి పోవడం, లేకుంటే అదే కారులో తీసుకుపోవడం. ఆ సంగతి చెప్పకపోయినా, సంచి కారులోనే ఉంచి దిగడంతో సర్వరీ బేగానికి తెలిసిపోయింది. నిండు నెలల కూతురు గుమ్మం పట్టుకుని తల్లి వంక చూసింది.

రషీదున్నీసా నేరుగా స్నానాలగదిలోకి పోయి ఎర్ర మూత కొళాయి తిప్పింది. వేళ్ళు పెట్టి ఆగింది. ఇంకాసేపు ఆగింది.

"వదినా, మూత ఎర్రగా ఉంది. నీళ్ళు మాత్రం జివ్వుమంటాండాయి."

"ఆ మూత సంఘమోళ్ళది వదినా. మా నీళ్ళు పెరట్లో ఉండాయి, రా."

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద దేగు. కింద ఎండు ఖర్జూర మట్టలు చిటపటలాడుతున్నాయి. సాలిం గారు తోటలో కొట్టించి, అడగకుండానే పంపిన మట్టలు. దేగు నిండా రేగాకు వేసిన నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"ఇది నియాజ్ దేగు గదా?" రషీదున్నీసా గొంతు తగ్గించింది.

"అవును. తప్పయితే నా మీదనే ఉండనీ వదినా. బిడ్డను మాత్రం నా దగ్గర ఉండనీ."

రషీదున్నీసా ఏదో అనేలోగా వీధి తలుపు దగ్గర పికప్ ఆగింది. రామ్మోహన్ గారు హడావిడిగా లోపలికి వచ్చారు.

"భాయ్, దేగు! రాత్రికే మన వార్షికోత్సవం. అయ్యో, ఇదేమిటి, ఇందులో నీళ్ళు కాస్తున్నారా? మీకు వేడినీటి వసతి ఇచ్చాం కదా!"

"ఇచ్చినారు సార్," అంది సర్వరీ బేగం. "చెయ్యి పెట్టి చూద్దురు, రండి."

ఆయన వెళ్ళి చూశారు. ఈసారి చెయ్యి లాక్కోలేదు. కొళాయి ముందు నిలబడి ఆలోచించారు.

"మళ్ళీ తారుమారయినట్టున్నాయి. ప్లంబర్‌ను పంపిస్తాను. ముందు ఆ నీళ్ళు పారబోసి దేగు ఎక్కించండి."

బాబు మియా తల వంచుకుని పొయ్యి వైపు ఒక అడుగు వేశాడు. కాదనడం ఆయనకు చేతకాదు కదా.

"ఎవురు పారబోసేది?" అంది రషీదున్నీసా. కొంగు నడుముకు దోపి పొయ్యికి అడ్డం నిలబడింది. "అవి నా కోడలి స్నానం నీళ్ళు. నలభై దినాలు ఈ దేగు ఈడనుంచి కదల్దు. మీ సంఘానికి బిర్యానీ కావల్నంటే ఆ సావనీర్‌లో పెట్టుకోని వండుకోండి."

తర్వాత ఎవరేమన్నారో సర్వరీ బేగం చెవికెక్కలేదు. నలభై దినాలు, ఈడ అన్న రెండు మాటలే విన్నది. చూస్తుండగానే తయ్యబా కారు దగ్గరికి పోయి తన సంచి తనే తెచ్చుకుంటోంది.

రామ్మోహన్ గారు ఊరికే పోలేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, కెమెరా తీసి, పొగలు కక్కుతున్న దేగునూ, పక్కనే మట్టలు ఎగదోస్తున్న సర్వరీ బేగాన్నీ గురి చూశారు. వేడినీటి వసతికి ఇంతకన్నా మంచి ఫోటో ఇంకెక్కడ దొరుకుతుంది?

"మొహం దిగులుగా పెట్టల్లనా సార్?" అందామె.

పెట్టాలని నిజంగానే ప్రయత్నించింది. రాలేదు.