సకినాల పొట్లం

గోదావరిఖనిలో విదేశం అంటే అప్పటిదాకా దుబాయి, మస్కట్. పనికి పోవడమే తప్ప, చూడటానికి పోవడం ఎవరూ ఎరగరు. ఐలవ్వ తమ్ముడు సదానందం కూడా దుబాయిలోనే ఉన్నాడు. పగలంతా ఎండలో ఇనుప చువ్వలు వంచి, రాత్రికి ఇరుకు గదిలో అంతస్తుల మంచం మీద పడుకుంటాడు. అలాంటిది సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడాది, లక్ష్మీనగర్‌లో కొత్తగా వెలిసిన ట్రావెల్స్ దుకాణం వాళ్లు బొగ్గుబాయి గేటు ముందు బ్యానరు కట్టారు. ‘కార్మిక సోదరులకు కలల విహారం! బ్యాంకాక్, పట్టాయ. దంపతులకు ప్రత్యేక రాయితీ.’ పక్కన నీలి సముద్రం, కొబ్బరిచెట్టు, దాని కింద నల్లకళ్లద్దాల జంట.

ఐలవ్వ భర్త నర్సింగం బాయిలో బొగ్గు టబ్బులు లాగే హాలరు నడిపేవాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. డ్యూటీ ఎగ్గొట్టడు, జీతం ఇంటికి తెస్తాడు. నలుగురిలో గొప్ప అనిపించుకోవాలన్న యావ మాత్రం కొంచెం ఎక్కువ.

“జంటగ పోతెనే తక్కువల అయితదట. తయారుగుండు,” అన్నాడు ఒకరోజు షిఫ్టు నుంచి వస్తూనే.

“సముద్రం కనవడ్తదా?”

“కనవడుడేంది, అండ్ల తానమే చేపిస్త నీతోని!”

ఆ మాటకు ఐలవ్వ ఎన్ని రోజులు లోలోపల మురిసిందో. గోదారిని మించిన నీళ్లు చూసిన మనిషి కాదు. పాస్‌పోర్టు ఫొటోకు పెళ్లినాటి కమ్మలు పెట్టుకుంది. అక్కడి తిండి పడుతుందో లేదోనని పక్కింటి పూలమ్మతో కలిసి డబ్బాడు సకినాలు చుట్టింది. పూలమ్మ భర్త మొగిలి, నర్సింగం ఒకే షిఫ్టు. ఆ జంట కూడా టూరుకు పేరిచ్చింది.

పట్టాయలో దిగిన హోటలు గదిలో మొదటిరోజే చిక్కొచ్చింది. స్నానాల గదిలో ఎటు తిప్పినా నీళ్లు రావు. గదులు శుభ్రం చేసే మనిషి అటుగా పోతుంటే ఐలవ్వ ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆమెదీ దాదాపు ఐలవ్వ వయసే. పొట్టి మనిషి, చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు. ఏదో పిడి పైకి ఎత్తిందో లేదో, పైనుంచి జల్లు ఇద్దరి నెత్తిమీదా పడింది. ఇద్దరూ తడిసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఆమె గుండె మీద వేలు పెట్టుకుని “నోయ్” అంది. ఐలవ్వ కూడా తన పేరు చెప్పింది. ఆమె పోయేముందు తెలుగు పేపరు ముక్కలో సకినాలు కట్టి ఇచ్చింది. నోయ్ ఒకటి కొరికి, కళ్లు మూసుకుని నమిలి, మిగతావి పదిలంగా సంచిలో దాచుకుంది.

నవ్వు అంతటితోనే సరి. రాత్రయితే మొగవాళ్లంతా “బజారు జూసొస్తం” అని పోయేవాళ్లు. ఆడవాళ్లు ఒక గదిలో చేరి అర్థంకాని టీవీ చూసేవాళ్లు. పొద్దున బస్సెక్కితే మొగవాళ్ల దగ్గర తాగిన వాసన, దానిమీద ఎవరిదో సెంటు వాసన. వెనక సీట్లలో మొగిలి లేచి నడుం తిప్పుతూ రాత్రి చూసిన పిల్ల ఎట్లా ఆడిందో చేసి చూపిస్తుంటే నర్సింగం తొడలు చరిచి ఇకిలించేవాడు. కూతురి వయసు పిల్లల గురించి ఆ మాటలు. గైడు పవన్‌కుమార్ కోస్తా కుర్రాడు. మైకు పట్టుకుని, “ఎంజాయ్ చెయ్యండి సార్! ఇక్కడ మనల్ని చూసేవాళ్లెవరూ లేరు,” అన్నాడు.

ఎవరూ చూడకపోతే ఈయన ఇట్లా ఉంటాడా? ఐలవ్వ అటు తిరగలేదు. కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆఖరిరోజు పడవలో ఏదో దీవికి పోవాలి. అందరూ కింద హాల్లో ఇడ్లీలు తింటున్నారు. భర్త చేతి వంక చూసి ఐలవ్వ అడిగింది: “గడియారం ఏది?”

సదానందం దుబాయి నుంచి బావ కోసమని తెచ్చిన గడియారం అది. నర్సింగం మణికట్టు తడుముకున్నాడు. ఒక్క క్షణం ముఖం తెల్లబోయింది. ఆ వెంటనే గొంతు లేచింది.

“రూంలనే పెట్టిన! ఎవలో కొట్టేసిండ్రు. ఇంకెవలు, గా సాఫ్ చేసేదే!”

అంతే, మొగవాళ్లంతా లేచారు. పవన్‌కుమార్ మేనేజరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కాసేపటికి నోయ్‌ని తీసుకొచ్చి అందరి ముందూ నిలబెట్టారు. ఆమె సంచిని బల్లమీద బోర్లించారు. దువ్వెన, అన్నం డబ్బా, నొప్పుల మందు సీసా, కాగితం పొట్లం. మొగిలి ఆ పొట్లం అందుకుని పైకెత్తాడు.

“సూడుండ్రి, మన తెలుగు పేపరు! సకినాలు గూడ ఇడిశిపెట్టలే దొంగది!”

ఘొల్లున నవ్వారు.

“అవి నేనే ఇచ్చిన!” అని అరిచింది ఐలవ్వ. ఆ గోలలో వినేవాడెవడు? నోయ్ వచ్చీపోయేవాళ్లందరికీ వంగి దండాలు పెడుతోంది. కళ్లు మాత్రం ఐలవ్వ మీదే ఉన్నాయి. మేనేజరు ఆమె జేబుకున్న పేరు బిళ్ల పీకి తీసుకుని, తలుపు వైపు చేయి చూపించాడు. ఆమె సామాను సంచిలో వేసుకుంది. సకినాలు మాత్రం బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఐలవ్వ భర్తను పక్కకు లాగింది. “రూంల మల్లొకపారి దేవులాడుదాం పా. గామె గసోంటి మనిషి కాదు.”

నర్సింగం అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు. “దేవులాడుడెందుకు? రాత్రి బార్ల పైసలు సాలకపోతె గడియారం ఆడనే ఇడిశిపెట్టి వచ్చిన. మొగిలికి ఎరికే. ఇగ ఊకో. హోటలోడు దాని జీతంల కోసి మనకు కట్టిస్తడట.”

సిగ్గుతో చెప్పి ఉంటే ఏమో గాని, లాభం చెప్పినట్టు చెప్పాడు. చెప్పి ఆమె భుజం మీద చేయి వేశాడు. ఆ చేతికి ఇంకా ఆ సెంటు వాసన. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏనాడూ లేనిది, ఆ చేయి తగిలితే ఐలవ్వకు ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది. విదిలించుకుని పవన్‌కుమార్ దగ్గరికి పోయింది.

“బాబూ, గడియారం ఆమె తియ్యలే. మా ఆయిన బార్ల ఇచ్చి వచ్చిండు. గా మేనేజరుకు చెప్పు.”

పవన్‌కుమార్ నవ్వబోయి మానుకున్నాడు. “అదేంటమ్మా, మీ ఆయన పరువు మీరే తీస్తారా? పడవ టైమైంది, బస్సెక్కండి.”

ఐలవ్వ వెళ్లి బస్సు మెట్టు మీద కూర్చుంది. “నువ్వు చెప్పేదాంక ఈ బస్సు కదలది.”

“పిచ్చి లేశిందా నీకు? లెవ్వే!” నర్సింగం పళ్లు నూరాడు. పడవ తప్పిపోతుందని వెనక నుంచి ఒకటే తిట్లు. పూలమ్మ మొగుడి వైపు తిరిగి, “నీకు ఎరికేనా?” అంది. మొగిలి చెప్పుల వంక చూసుకున్నాడు. పూలమ్మ వచ్చి ఐలవ్వ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

చివరికి పవన్‌కుమార్ లోపలికి పోయి వచ్చాడు. “చెప్పానమ్మా. ఆవిడ ఇంటికెళ్లిపోయిందట. రేపు పిలిపిస్తారట.” నిజంగా చెప్పాడో, వేరే ఏదైనా మాట్లాడి వచ్చాడో తెలుసుకునే దారి ఐలవ్వకు లేదు. రేపటికి తామంతా విమానంలో ఉంటారు.

దీవిలో సముద్రం అచ్చం బ్యానరులో ఉన్నట్టే ఉంది. నర్సింగం పూల నిక్కరు వేసుకుని, నడుంలోతు నీళ్లలో నిలబడి, ఏమీ జరగనట్టే “రాయే, రా!” అని పిలిచాడు. ఐలవ్వ ఒడ్డున చెప్పులు కూడా విప్పలేదు.

ఇంటికి వచ్చాక కాలనీ అంతా చూడవచ్చింది. నర్సింగం కుర్చీలో వెనక్కి వాలి, “ఆ దేశంల దొంగలు బాగ. నా గడియారం రూంలకెల్లే కొట్టేసిండ్రు,” అని మొదలుపెట్టాడు. చాయ్‌లు ఇస్తున్న ఐలవ్వ పళ్లెం కింద పెట్టి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నర్సింగం పెద్దన్న నవ్వేసి, “మొగోడన్నంక గింత అటిటు ఉంటది తియ్యి,” అన్నాడు. ఆడవాళ్లు ఐలవ్వను ఏం తెచ్చుకుందో చూపించమన్నారు.

ఆ శుక్రవారం సదానందం ఫోను చేశాడు. గడియారం సంగతి అతనికీ దాచకుండా చెప్పింది.

“అక్కా,” అన్నాడు సదానందం. “ఈడ గూడ ఏదన్న పోతె ముందుగాల మా పెట్టెలే తెరుస్తరు. మేం గిట్లనే నిలవడ్తం.”

ఆ రాత్రి ఐలవ్వ నర్సింగానికి అన్నం పెట్టి, తన పక్క వేరే గదిలో వేసుకుంది. ఆ తర్వాత మళ్లీ మార్చలేదు.

ఏడాది తిరిగేసరికి బాయి గేటు ముందు సింగపూర్ బ్యానరు వెలిసింది. ఆమెను అడగకుండానే నర్సింగం ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు. సంగతి తెలిసి ఐలవ్వ తానే లక్ష్మీనగర్ పోయింది. దుకాణంలో పవన్‌కుమార్ ఉన్నాడు.

“నా పేరు కొట్టెయ్యి.”

“ఎందుకమ్మా? ఈసారి ఇంకా మంచి హోటలు. మీరు గ్లాసు కూడా కడగక్కర్లేదు, అన్నీ పనివాళ్లే చూసుకుంటారు.”

“గందుకే రాను,” అంది ఐలవ్వ. అతను కొట్టేసేదాకా అక్కడే నిలబడి, బయటికి వచ్చి, మురికి మోరిలో ఉమ్మేసి, ఆటో కోసం రోడ్డు దాటింది.