తర్వాత చూద్దాం

సూపర్‌వైజరమ్మకు అన్నయ్య దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "మీ వదిన చేతులు కాలాయే! మూడో మిషను తలుపు తీస్తే ఆవిరి కొట్టిందట. ఆస్పత్రికి రా, తొందరగా."

ఆ రోజు ఆమెకు సెలవు. ఉన్న చీరతోనే బస్సెక్కింది.

వదినా ఆడపడుచులిద్దరూ పనిచేసేది ఒకే లాండ్రీలో. ఆస్పత్రుల దుప్పట్లు పెద్ద డ్రమ్ముల్లో ఆవిరికి ఉడికించే చోటు. ఏ మిషను ఎలా నడపాలో వికీలో, అంటే అందరూ కలిసి రాసుకునే కంప్యూటరు పేజీల్లో, రాసి ఉంటుంది, ప్రతి మిషను పక్కనా ఉన్న తెర మీద అదే కనబడుతుంది. వికీని పనివాళ్లెవరైనా దిద్దవచ్చు. అయితే సూపర్‌వైజరమ్మ చూసి 'సరే' నొక్కేదాకా తెర మీద పాత మాటే ఉంటుంది. తీరిక లేనప్పుడు ఆవిడ 'తర్వాత చూద్దాం' అని పసుపు జెండా పెడుతుంది. పెట్టాక చూడాలి కదా మరి? ఆ, చూసింది!

ఆవిడ బాధా ఆవిడకుంది లెండి. వచ్చే మార్పుల్లో ముక్కాలు వంతు మెకానిక్కువే. 'మీట నొక్కండి' అని ఉంటే చాలు, ఆయనకు నిద్ర పట్టదు, 'దయచేసి మీట నొక్కండి' అని మార్చేదాకా. లాండ్రీ అంతా ఆయన్ని 'దయచేసిగారు' అనే పిలుస్తుంది. రోజుకు పది దయచేసిలు వచ్చిపడితే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? అందుకే ఆయన పేరు కనబడగానే తెరవకుండా జెండా పెట్టేయడం అలవాటైపోయింది.

బస్సులో ఫోను తీసి మూడో మిషను పేజీ చూసింది. 'ఆవిరి గేజి సున్నా చూపాకే తలుపు తియ్యాలి.' సరిగ్గానే ఉంది. హమ్మయ్య అనుకుంది, పాపిష్టిది! వదినే తొందరపడి ఉంటుందనుకుంది. ఎందుకైనా మంచిదని కింద జెండాల వరస కూడా తెరిచింది.

'మూడో మిషను గేజి ముల్లు ఇరుక్కుంటోంది. లోపల ఆవిరి ఉన్నా సున్నా చూపిస్తోంది. కింది కుళాయి తిప్పి, ఆవిరి రావడం లేదని చూశాకే తలుపు తియ్యాలి.' రాసింది మెకానిక్కు. జెండా పెట్టింది తను. పదకొండు రోజులైంది.

మెకానిక్కుకు ఫోను చేసింది. "మిషను ఆపండి!"

"ఆపేశామమ్మా. రాశాను కదా నేను? మీ జెండా చూసి, మీరు చదివారనే అనుకున్నాను."

ఆమె ఫోను పెట్టేసింది. చదవలేదని ఎలా చెబుతుంది?

ఆస్పత్రిలో వదిన చేతులు రెండూ మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. పక్కనే అన్నయ్య చిందులు తొక్కుతున్నాడు. "ఎప్పుడూ ఇంతే దీనికి, అన్నిట్లో కంగారు! గేజి చూడకుండా తీసేస్తే కాలక ఏమవుతుంది? మేనేజరు కూడా అదే అన్నాడు. ఇక పనిలోకి రావద్దన్నాడు."

"చూశానండీ. సున్నా ఉంది. ఒట్టు," అంది వదిన. ఆడపడుచును చూడగానే ఆమె మొహం విప్పారింది. "నువ్వైనా చెప్పమ్మా. అక్కడ ఎలా రాసుందో అలాగే చేశాను. నువ్వు చూసే పేజీ కదా, తప్పుండదని నా నమ్మకం."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"వదిన తప్పేం లేదన్నయ్యా," అంది. "గేజి చెడిపోయిందని మెకానిక్కు రాశాడు. నేను చదవకుండా పక్కన పెట్టేశాను. ఇప్పుడే వెళ్లి మేనేజరుకు చెబుతాను."

"అయితే నా తప్పు కాదన్నమాట," అంది వదిన. అంది కానీ, కట్టు కట్టేటప్పుడు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. తుడుచుకోవడానికి చేతులు లేవు. సూపర్‌వైజరమ్మ పమిట చెంగు పట్టుకుని ముందుకు వంగింది.

వదిన మొహం గోడవైపు తిప్పుకుంది. "నువ్వు వెళ్లమ్మా."

అన్నయ్య ఉండమనలేదు.