తడిగోడ అవతల

మంటలంటుకున్న గోదాము పైకప్పు కొంత కూలినప్పుడు ఆమె వీధిలో ఆపిన కంట్రోల్ వ్యానులో ఉంది. అగ్నిమాపక దళంలో ఆమె రేడియో ఆపరేటరు. భర్త అదే దళంలో నీళ్ల పంపు నడుపుతాడు. గొట్టం పట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లలో ఆయన తమ్ముడు కూడా ఉన్నాడు. మిగతావాళ్లు దగ్గుకుంటూ బయటపడ్డారు. అతను రాలేదు.

"వదినా, వినపడుతోందా?" గరగరల మధ్య అతని గొంతు వచ్చింది.

"వినపడుతోంది. ఎక్కడున్నావు?"

"తెలిస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడటం లేదు. తొడమీద దూలం పడింది."

ఆ తర్వాత మాట తెగిపోయింది. ఆమె చేతిరేడియో సెట్టు తీసుకుని వ్యాను దిగింది. రేడియో తరంగం పొడిగోడలోంచి కాస్త నీరసపడైనా బయటికి వస్తుంది. నీళ్లు తాగిన గోడ దాన్ని చాలావరకు మింగేస్తుంది. రేకు తగిలితే మాత్రం వెనక్కి కొట్టేస్తుంది. శిక్షణలో నేర్పిన ఈ సంగతి ఆమెకు కొట్టిన పిండి. ముందువైపు గోడ పొద్దుటినుంచీ తడిసి ముద్దయింది. దానికి ఇనుప షట్టర్లు కూడా ఉన్నాయి. ఇక్కడ నిలబడి లాభం లేదనుకుని గోదాము చుట్టూ నడిచింది.

వెనకవైపు, పైన గాలికోసం వదిలిన కన్నం దగ్గర సెట్టులో అతని గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు పలికింది.

"వదినా, చెవిలో కూర్చుని మాట్లాడుతున్నావేంటి? నువ్వు అన్నానికి పిలిచినప్పుడు కూడా ఇంత బాగా వినపడదు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "ఇక్కడే. ఈ గోడ వెనకే ఉన్నాడు," అని అధికారికి చెప్పింది.

అందరూ అక్కడికి పరుగెత్తారు. భర్త పంపును ఇంకొకరికి అప్పగించి సమ్మెట అందుకున్నాడు. ఆమె సెట్టు వదలలేదు.

"గోడ కొడుతున్నారు. చప్పుడు వినపడుతోందా?"

"లేదు వదినా."

ఆ మాట దగ్గర ఆగి ఉండాల్సింది. దుమ్ముకి చెవులు మూసుకుపోయి ఉంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"చలేస్తోంది," అన్నాడతను కాసేపటికి. తర్వాత మూలిగాడు. "నొప్పి భరించలేకపోతున్నా. అన్నయ్యని తొందరగా రమ్మను."

"వస్తున్నాడు. నిద్రపోకు. ఏదో ఒకటి మాట్లాడు."

ఊపిరి మాత్రం వినపడింది. కొంతసేపటికి అదీ లేదు.

గోడ పగిలింది. టార్చి వేసి చూస్తే మనిషి జాడ లేదు. ముందువైపు మెట్లదాకా పొడుగాటి నడవ, రెండువైపులా గోడలకు రేకులు. చూడగానే ఆమెకు అర్థమైంది. అతని గొంతు మోసుకొచ్చిన తరంగం ఈ రేకుల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ నడవంతా పాకి, తన దగ్గరికి వచ్చింది. ఎక్కడ గట్టిగా వినపడితే అక్కడే మనిషి ఉంటాడని ఏమీ లేదు. దారి ఎక్కడ దొరికితే గొంతు అక్కడ బయటపడుతుంది.

"ముందుకి వెళ్లండి. మెట్లకింద చూడండి," అంది.

అతను ముందువైపు మెట్లకిందే ఉన్నాడు. తడిగోడకు ఇవతల ఆమె వ్యాను, అవతల అతను. దూలం ఎత్తేసరికి ఒళ్లింకా వెచ్చగానే ఉంది. రక్తం పోయి చనిపోయాడన్నాడు డాక్టరు.

"నీ స్థానంలో ఎవరున్నా అక్కడే కొట్టమనేవాళ్లు," అన్నాడు అధికారి. భర్త సమ్మెట కింద పెట్టి, ఆమె ముఖం చూడకుండా వెళ్లి పంపు కట్టేశాడు.

అంతా అయ్యాక ఇంట్లో అత్తగారు ఆమెను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "చివరిదాకా వాడితో మాట్లాడింది నువ్వే కదమ్మా. నొప్పి అన్నాడా?"

పంపు దగ్గరున్న సెట్టులోనూ, ఆ తర్వాత నడుముకున్న సెట్టులోనూ భర్త ప్రతి మాటా విన్నాడు. ఆమె తలెత్తి ఆయన్ని చూసింది.

"లేదమ్మా," అన్నాడు భర్త. "వదినతో వేళాకోళాలాడుతూనే ఉన్నాడు."

పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

"స్టేషన్‌కి. కొన్నాళ్లు అక్కడే పడుకుంటాను. ఇప్పుడేం అడగొద్దు."

అత్తగారు ఆమె చెయ్యి వదల్లేదు. ఆ చేతిని విడిపించుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.