నాగవల్లి గారి చేతి లెక్క

రాజమండ్రిలో నాగవల్లి గారి దగ్గర డిగ్రీ లెక్కలు చదువుకున్నవాళ్ళు ఎక్కడ కలిసినా ఆవిడ బోర్డు సంగతే చెప్పుకుంటారు. ఎంత పొడుగు సూత్రమిచ్చినా కాసేపు దానివంక చూసి, రెండు మూడు చోట్ల చాక్‌పీసుతో గీత గీసి, "ఇదీ ఇదీ ఒకటే కదా" అనేవారు. ఆపైన బోర్డంతా నిండిన లెక్క ఒక్క వరుసలో ఒదిగిపోయేది. ఆ నేర్పు ఎలా వచ్చిందో ఆవిడ ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

తొంభై ఆరులో ధవళేశ్వరం నుంచి పల్లంరాజు గారనే ఇరిగేషన్ ఇంజనీరు ఆవిడ పనిచేసే కాలేజీకి వచ్చారు. గేట్లు ఎత్తితే శివారు దాకా కాలువలో నీళ్ళు ఎక్కడ ఎంత లోతున పారతాయో కంప్యూటర్‌తో లెక్క కట్టించాలని ఆయన కోరిక. కాలువ అంతటా ఒకే తీరున ఉండదు. ఆకారం మారినప్పుడల్లా సూత్రం మారుతుంది. సూత్రం మారితే అవకలనం, అంటే డిఫరెన్షియేషన్, మళ్ళీ మొదటికొస్తుంది. చేసిందంతా ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష‌లోకి ఎక్కించాలి. ఎక్కడైనా కూడిక గుర్తు బదులు తీసివేత పడిందంటే, నీళ్ళు గట్టు దాటి పారుతున్నట్టు అచ్చయి వస్తుంది.

ప్రిన్సిపాల్ గారు ఆ పనిని నాగవల్లి గారికీ, కంప్యూటర్ ల్యాబు చూసే సాల్మన్‌కీ అప్పగించారు. సాల్మన్‌ది నరసాపురం. మాట తక్కువ మనిషి. ఆవిడ సూత్రాలు కుదించి ఇస్తే అతను టైపు చేసేవాడు. కొన్నాళ్ళకి అతనే నెమ్మదిగా ఒక మాట కదిపాడు. సూత్రాన్ని అంకెలు వేయకుండా అక్షరాలతోనే కంప్యూటర్‌కి ఇచ్చేస్తే, అవకలనం అదే చేసుకుని, ఫోర్ట్రాన్ కూడా అదే రాసి పెట్టేలా ఒక ప్రోగ్రామ్ తయారు చేస్తున్నానన్నాడు.

నాగవల్లి గారికి మనసు చివుక్కుమంది. పైకి మాత్రం, అయితే రెండూ పక్కపక్కన నడిపి చూద్దామన్నారు.

ఆ ల్యాబులో ఉన్నది పాత 386 కంప్యూటర్. వర్గమూలాలు, ఘాతాలు వచ్చాయంటే దానికి ఆయాసమే. పల్లంరాజు గారు కూడా చూడ్డానికి వచ్చారు. ఆవిడ చేత్తో కుదించిన లెక్క, ఆయన టీ తాగడం పూర్తయ్యేలోపే జవాబిచ్చింది. సాల్మన్ ప్రోగ్రామ్ రాసిన లెక్కలో ఒక్క గుర్తూ తప్పలేదు గానీ అది చాంతాడంత ఉంది. అదే వర్గమూలాన్ని పదేపదే కట్టుకుంటూ పోయింది. ఆయన ఇంకో టీ తెప్పించుకోవాల్సి వచ్చింది.

"మేడమ్ గారి చెయ్యే నయమండి" అని పల్లంరాజు గారు నవ్వారు. సాల్మన్ తల వంచుకుని ఫ్లాపీ తీసుకున్నాడు.

గెలిచినందుకు సంతోషం కలగాలి కదా, అదేమీ కలగలేదు ఆవిడకి. దానవాయిపేటలో ఇంటి ముందు రిక్షా దిగేదాకా అదే ఆలోచన. కిందటి నెల తను ఒక గుర్తు తప్పు రాస్తే అది పట్టుకోవడానికి ఇద్దరికీ వారం పట్టింది. ఆ ప్రోగ్రామ్‌కి అలాంటి పొరపాటే లేదు. లేనిదల్లా చూపు.

మర్నాడు ల్యాబుకి వెళ్ళి, "దానికి కుదించడం నేర్పుదామా సాల్మన్ గారూ?" అన్నారు.

అతను కుర్చీ జరిపి, "మీరెలా చూస్తారో చెప్పండి మేడమ్, నేను రాసుకుంటాను" అన్నాడు.

ఆవిడ చెప్పబోయి ఆగిపోయారు. ఎలా చూస్తారో ఆవిడకే తెలియదు.

ఆ వేసవంతా అదే పని. ఆవిడ లెక్క చేస్తూ, చూపు ఎక్కడ పడితే అది పైకి చెప్పేవారు. ముందు వెనకలు మారినా కూడిక కూడికే కాబట్టి, అన్నిటినీ ఒకే వరసలో పేర్చుకోవాలి. ఒకసారి కట్టిన ముక్కకి పేరు పెట్టి, మళ్ళీ వచ్చినచోట ఆ పేరే వాడాలి. ఘాతాన్ని అవకలనం చేస్తే అందులో ఆ ఘాతమే దాగి ఉంటుంది, మళ్ళీ కట్టకుండా భాగిస్తే సరిపోతుంది. అతను ఒక్కొక్కటే ప్రోగ్రామ్‌లోకి ఎక్కించేవాడు. కరెంటు పోతే ఇద్దరూ వరండాలోకి వచ్చి నాపరాళ్ళ మీద చాక్‌పీసుతో లెక్క సాగించేవారు. గోదావరి మీంచి గాలి వీస్తే ఆ రోజుకి పండగే.

కాలేజీ తెరిచే ముందు మళ్ళీ రెండూ నడిపారు. ఈసారి ప్రోగ్రామ్ రాసిందే ముందు ముగిసింది. సాల్మన్ మొహంలో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది.

"ఒకే పేరు రెండు సూత్రాల్లోనూ వాడేసిందండి. ఎక్కడో పొరబడినట్టుంది."

ఆవిడ కాగితం తీసుకుని చేసి చూశారు. ఒక సూత్రంలో నీటి అడ్డుకోత వైశాల్యానికి లోతును బట్టి కట్టిన అవకలనం ఉంది. ఇంకోదాంట్లో నీటి పైమట్టం వెడల్పు ఉంది. చూడగా చూడగా రెండూ ఒకటే అయ్యాయి.

"పొరపాటు కాదండి" అన్నారు. "ఏటా పాఠంలో నేను చెప్పేదే ఇది. రెండు సూత్రాలూ వేర్వేరు కాగితాల మీద చేశాను, పక్కపక్కన పెట్టుకోలేదు. ఇది పెట్టుకుంది."

బాగా చదివే పిల్ల బోర్డు దగ్గరికొచ్చి తను అనుకోని దారిలో లెక్క తేల్చినప్పుడు ఆవిడకి ఎలా ఉండేదో, అప్పుడూ అలాగే ఉంది.

పల్లంరాజు గారు ఆ ప్రోగ్రామ్‌ని బదిలీ అయ్యేదాకా వాడుకున్నారు. ఆయన తర్వాత వచ్చినవారు వేరే సాఫ్ట్‌వేర్ కొనుక్కున్నారు. 386 స్టోరు గదిలోకి పోయింది. సాల్మన్ భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. నాగవల్లి గారు రిటైరై నిడదవోలులో చెల్లెలి పక్కింట్లో స్థిరపడ్డారు.

రెండువేల ఆరులో ఒక ఆదివారం అతను చూడ్డానికి వచ్చాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. అలాంటి ప్రోగ్రామ్‌లు ఇప్పుడు ఎన్నో వచ్చాయని, తన విద్యార్థులకి అదసలు వింతే కాదని చెప్పాడు.

"మన కాలువ లెక్క ఇప్పుడైతే ఎంత సేపు పడుతుందండి?" అని అడిగారావిడ.

"ఎంటర్ కొట్టి వేలు తీసేలోపే మేడమ్."

"బాగుంది" అన్నారావిడ. "మనకి మాత్రం ఒక వేసవి దొరికింది."

సాయంత్రం దాకా అవే కబుర్లు. అతను బయల్దేరుతుంటే, ఈసారి పిల్లల్ని తీసుకురమ్మని, వాళ్ళకి లెక్కలు తనే చెప్తానని అన్నారు. సాల్మన్ సరేనన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. పై ఆదివారం తన ఇద్దరాడపిల్లల్ని వెంటబెట్టుకుని నిడదవోలు స్టేషన్లో దిగాడు.